దశాంశాల కూడిక, తీసివేతలకు ఒక దిమ్మెల పెట్టె: నాలుగు నెలల వాడకం తర్వాత

మా అక్క పిల్లలిద్దరూ దశాంశ సంఖ్యల కూడికలు, తీసివేతలు నేర్చుకునే దశకు వచ్చినప్పుడు వారి కోసం దిమ్మెలతో కూడిన ఒక సాధన పెట్టెను తెప్పించాను. నాలుగు నెలలుగా వారానికి మూడు సాయంత్రాలు ఆ పెట్టెను ముందు పెట్టుకునే కూర్చుంటున్నాం. అందులోని ప్రతి వస్తువునూ వాడి చూశాం, అభ్యాస పుస్తకంలోని ప్రతి లెక్కనూ చేశాం. ఇటువంటి పెట్టె కొనాలనుకునే తల్లిదండ్రులకూ ఉపాధ్యాయులకూ పనికివస్తుందన్న ఉద్దేశంతో నా అభిప్రాయాన్ని వివరంగా రాస్తున్నాను. దిమ్మెల కోసమైతే ఇది తప్పక కొనదగిన పెట్టె. దానితో వచ్చే స్థానాల పట్టికను మాత్రం సరిదిద్దకుండా పిల్లల చేతికి ఇవ్వకూడదు. యాప్‌ను అసలు తెరవకపోవడమే మంచిది.

పెట్టెలో లోపలి భుజం 10 సెంటీమీటర్లు ఉండే పారదర్శకమైన బోలు ఘనాలు 6, వాటిలో సరిగ్గా ఇమిడే 1 సెంటీమీటరు మందం గల పలకలు 20, కడ్డీలు 40, ఒక్కో సెంటీమీటరు భుజం గల చిన్న ఘనాలు 50 ఉన్నాయి. వీటితో పాటు మడత పెట్టగలిగే స్థానాల పట్టిక, అంకెల బిళ్లలు, అభ్యాస పుస్తకం, ఫోన్‌లో వేసుకునే యాప్ వస్తాయి. పెద్ద ఘనం 1, పలక 0.1, కడ్డీ 0.01, చిన్న ఘనం 0.001. సామగ్రి అంతా ఈ నాలుగు విలువల మీదనే నడుస్తుంది.

పెట్టె విలువ అర్థం కావాలంటే అది రాకముందు పిల్లలు చేస్తున్న తప్పులు ఎలాంటివో చెప్పాలి. మా మేనకోడలు 3.6కు 2.15 కలిపి 5.21 అని రాసేది. చుక్కకు ఎడమ వైపు 3, 2 కలిపితే 5. కుడి వైపు 6, 15 కలిపితే 21. ఆమె దృష్టిలో చుక్క ఒక గోడ. గోడకు ఇటు ఒక సంఖ్య, అటు ఇంకొక సంఖ్య ఉంటాయి, రెండింటినీ వేర్వేరుగా కూడాలి. ఎక్కువమంది చేసేటట్లే నేనూ మొదట ‘చుక్క కింద చుక్క వచ్చేలా రాయి’ అన్న నియమం చెప్పాను. ఆ మరునాటి నుంచి జవాబులు సరిగ్గా రావడం మొదలైంది, 5.75 అని రాసింది, నేనూ సంతోషించాను. వారం తర్వాత 0.6, 0.15లలో ఏది పెద్దదని అడిగితే, 15 పెద్దది కాబట్టి 0.15 అని తడుముకోకుండా చెప్పింది. నియమం జవాబును సరిచేసింది కానీ, దాని వెనుక ఉన్న అపోహను అంటుకోనే లేదు. జవాబులు సరిగ్గా వస్తున్నంత కాలం ఆ అపోహ ఎవరి కంటా పడదు కాబట్టి ఇది తప్పు జవాబు కంటే ప్రమాదకరమని నా నమ్మకం.

దిమ్మెలు ఆ అపోహను మూలంలోనే పట్టుకున్నాయి. 3.6 అంటే 3 పెద్ద ఘనాలు, 6 పలకలు. 2.15 అంటే 2 పెద్ద ఘనాలు, 1 పలక, 5 కడ్డీలు. వీటిని బల్ల మీద పేర్చమంటే పేర్చింది. అన్నీ ఒకచోటికి చేర్చి ఎంత ఉందో చెప్పమంటే ఘనాలను ఘనాలతో, పలకలను పలకలతో జతచేసి, 5 ఘనాలు, 7 పలకలు, 5 కడ్డీలు అని లెక్క చెప్పింది. పలకలనూ కడ్డీలనూ కలగలిపి 21 అనాలన్న ఆలోచన ఆమెకు రానే లేదు, ఎందుకంటే చేతిలో ఉన్న వస్తువులు ఒకే రకమైనవి కావని కంటికి కనిపిస్తోంది. ఆ తర్వాత తాను పాత పద్ధతిలో రాసిన 5.21లో 5 ఘనాలు పోగా మిగిలే 2 పలకలు, 1 కడ్డీని కూడా పేర్చి రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసుకుంది. 6 పలకలు ఒక్క 3.6లోనే ఉండగా, దానికి ఇంకొంత కలిపితే 2 పలకలకు ఎలా తగ్గుతాయని తనను తానే ప్రశ్నించుకుంది. నేను నోరు విప్పవలసిన అవసరం రాలేదు. 0.6, 0.15ల ప్రశ్నకు కూడా ఆ రోజే జవాబు దొరికింది.

ఇటువంటి దిమ్మెలు కొత్తవేమీ కావు. హంగరీలో పుట్టిన గణిత విద్యావేత్త జోల్తాన్ డీన్స్ 20వ శతాబ్దంలో వీటికి విస్తృత ప్రచారం తెచ్చాడు, అందుకే చాలా దేశాల్లో వీటిని ఆయన పేరుతోనే పిలుస్తారు. అయితే సాధారణంగా దొరికే దిమ్మెలను పూర్ణ సంఖ్యల కోసం ఉద్దేశిస్తారు. వాటిలో చిన్న ఘనం 1, కడ్డీ 10, పలక 100. దశాంశాల పాఠం రాగానే ఉపాధ్యాయులు ‘ఇప్పటి నుంచి పలకను 1 అనుకోండి’ అంటారు, నిన్నటి వరకు వంద అయినది నేడు ఒకటి ఎలా అయిందో చాలామంది పిల్లలకు అంతుబట్టదు. ఈ పెట్టెలోని బోలు ఘనం ఆ చిక్కును చాలావరకు తప్పిస్తుంది. దాన్ని ఒక నిండు వస్తువుగా, అంటే 1గా ముందే పరిచయం చేసి, అందులో ఏమేమి పడతాయో చూపవచ్చు. 10 పలకలు వేస్తే నిండుతుంది, కాబట్టి పలక పదో వంతు. పలక మీద 10 కడ్డీలు పరిస్తే సరిగ్గా కప్పుకుపోతుంది, కాబట్టి కడ్డీ నూరో వంతు. కడ్డీ మీద గీతలు 10 చిన్న ఘనాలను చూపుతాయి, కాబట్టి చిన్న ఘనం వెయ్యో వంతు. పిల్లలు ఇంతకుముందు పూర్ణ సంఖ్యల దిమ్మెలు వాడి ఉంటే మాత్రం, విలువలు మారాయన్న సంగతి తొలి రోజే స్పష్టంగా చెప్పాలి. పుస్తకం ఆ మాట ఎక్కడా చెప్పదు.

ఒక చిన్న ఇబ్బంది ఎదురైంది. ‘ఖాళీ డబ్బా ఒకటి ఎలా అవుతుంది మామయ్యా? ఇందులో ఏమీ లేదు కదా!’ అని మా మేనల్లుడు అడిగాడు. ప్రశ్న న్యాయమైనదే. అందుచేత మొదటి రెండు వారాలు ఒక ఘనాన్ని ఎప్పుడూ 10 పలకలతో నింపి ఉంచాను, మిగిలిన ఖాళీ ఘనాలు దాని ప్రతినిధులని చెప్పాను. ఇంకొక మంచి వీలు కూడా ఇందులోనే ఉంది, పుస్తకం దాన్ని వాడుకోకపోవడం ఆశ్చర్యం. 10 సెంటీమీటర్ల భుజం గల ఘనంలో పట్టేది సరిగ్గా 1 లీటరు, చిన్న ఘనం ఆక్రమించే చోటు సరిగ్గా 1 మిల్లీలీటరు, అంటే 0.001 లీటరు. 1.25 లీటర్ల నుంచి 0.375 లీటరు తీస్తే ఎంత మిగులుతుందన్న లెక్కను ఇక పోలికగా చెప్పవలసిన పని లేదు, దిమ్మెల్లోనే అది ఉన్నది ఉన్నట్టుగా జరిగిపోతుంది.

ఇక స్థానాల పట్టిక. దీనిలో ఉన్న లోపం వల్ల మేము పది రోజులు నష్టపోయాం, అందుకే దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను. పట్టికలో ఎడమ నుంచి కుడికి వందలు, పదులు, ఒకట్లు, తర్వాత ఎర్ర రంగులో పెద్ద చుక్కతో ఒక నిలువు గడి, ఆ తర్వాత పదో వంతులు, నూరో వంతులు, వెయ్యో వంతులు ఉన్నాయి. చుక్కకు కేటాయించిన గడి వెడల్పు మిగిలిన గడులతో సమానం. చూడడానికి చక్కగానే ఉంటుంది, కానీ చుక్క కూడా ఒక స్థానమేనన్న భ్రమ కలిగిస్తుంది. మా మేనల్లుడు రెండుసార్లు ఆ గడిలో అంకె బిళ్ల పెట్టాడు. మూడోసారి చేయి వెనక్కి తీసుకుని, ‘మామయ్యా, పదులకు పదో వంతులు ఉన్నాయి, వందలకు నూరో వంతులు ఉన్నాయి. మరి ఒకట్లకు ఒకటో వంతులు ఏవి?’ అని అడిగాడు. నాలుగు నెలల్లో నేను విన్న ప్రశ్నల్లో ఇదే గొప్పది.

దానికి జవాబు దశాంశ పద్ధతి నిర్మాణంలోనే ఉంది. ఈ పద్ధతిలో అద్దంలా నిలిచేది ఒకట్ల స్థానమే, చుక్క కాదు. ఒకట్లకు ఎడమన ఒక అడుగు వేస్తే పదులు, కుడిన ఒక అడుగు వేస్తే పదో వంతులు. ఎడమన రెండు అడుగులు వేస్తే వందలు, కుడిన రెండు వేస్తే నూరో వంతులు. చుక్క చేసే పని ఒక్కటే: ఒకట్ల అంకె ఏదో గుర్తుపట్టడానికి దాని కుడి పక్కన నిలబడడం. 10వ శతాబ్దంలో డమాస్కస్‌లో గణితం మీద రాసిన అల్ ఉక్లిదిసి దశాంశ భిన్నాలను రాసేటప్పుడు ఒకట్ల అంకె నెత్తిన ఒక గీత పెట్టేవాడు. ఒకట్ల స్థానాన్ని నేరుగా చూపే ఆ పద్ధతి, నా దృష్టిలో, పిల్లలకు మన చుక్క కంటే తేలికగా అర్థమవుతుంది. అతని పేరు పుస్తకంలోని చరిత్ర పుటలో లేదు. దశాంశాలను 1585లో సైమన్ స్టెవిన్ కనిపెట్టాడని మాత్రం అందులో రాశారు. స్టెవిన్ చేసిన మేలు చాలా పెద్దదే. ఐరోపాలో భూమి కొలిచేవారికీ వర్తకులకూ ఈ లెక్కలు అందుబాటులోకి తెచ్చినవాడు ఆయన. కానీ అంతకు ముందే అల్ ఉక్లిదిసి, 15వ శతాబ్దంలో సమర్‌ఖండ్‌లో అల్ కాషీ దశాంశ భిన్నాలతో లెక్కలు చేశారు. మలి ముద్రణలో ఆ పుటను సవరించాలి.

అదే పుటలో స్టెవిన్ రాత పద్ధతిని చూపడం మాత్రం మెచ్చుకోదగినది. ఆయన చుక్క వాడలేదు. ప్రతి అంకె పక్కన ఒక వలయం గీసి, అందులో స్థానం సంఖ్య వేశాడు: ఒకట్లకు 0, పదో వంతులకు 1, నూరో వంతులకు 2, ఆ వరుసలో మిగిలినవి. పిల్లలకు ఇది ఆటలా అనిపించింది. వలయంలో 1 ఉన్న అంకెను 1 ఉన్న అంకెతోనే కూడాలని ఇద్దరూ చెప్పకుండానే గ్రహించారు. వారం రోజుల పాటు లెక్కలన్నీ ఆ పద్ధతిలోనే చేయించాను, అది చాలా మేలు చేసింది.

పట్టికను మేము ఎలా సరిచేసుకున్నామంటే, చుక్క గడిని నిలువునా మడిచి వెనక్కి అంటించి, ఒకట్ల గడికి కుడి అంచున కింది మూలలో చిన్న నల్ల చుక్క పెట్టాం, ఒకట్ల గడికి పసుపు రంగు వేశాం. నేను చెప్పే మాట కూడా మారింది. ‘చుక్క కింద చుక్క’ అనడం మానేసి, ‘ఒకట్ల కింద ఒకట్లు’ అంటున్నాను. తేడా చిన్నదిగా కనిపించవచ్చు, కానీ 7కు 0.38 కలపమని అడిగి చూడండి. 7కు చుక్కే కనిపించదు, కాబట్టి చుక్కల నియమం తెలిసిన పిల్లవాడు కూడా దాన్ని అలవాటు కొద్దీ కుడి అంచున 8 కింద రాసి 0.45 అంటాడు. ఒకట్ల నియమం తెలిసినవాడు 7ను సున్నా కింద పెట్టి 7.38 రాస్తాడు.

పెట్టె అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది తీసివేతలో. 5 నుంచి 2.37 తీసివేయమంటే మా మేనల్లుడు 3.37 అని రాసేవాడు. 5లో నుంచి 2 పోతే 3, మిగిలిన 37కు పైన ఏమీ లేదు కాబట్టి అది అలాగే కిందికి దిగుతుంది. ఈ తప్పును కూడికతో పట్టించవచ్చు, 3.37కు 2.37 కలిపితే 5.74 వస్తుంది, 5 రాదు. జవాబు తప్పని తెలిసినా దారి ఏదో అతనికి తెలియలేదు. 5 పెద్ద ఘనాలు బల్ల మీద పెట్టి, వాటిలో నుంచి 2 ఘనాలు, 3 పలకలు, 7 కడ్డీలు నాకు ఇమ్మన్నాను. 2 ఘనాలు ఇచ్చి ఆగిపోయాడు. ఇవ్వడానికి పలకలు లేవు, కడ్డీలు లేవు. కొంతసేపు ఆలోచించి ఒక ఘనాన్ని పక్కన పెట్టి, పెట్టెలో నుంచి 10 పలకలు తీసుకున్నాడు. వాటిలో ఒక పలకను పక్కన పెట్టి 10 కడ్డీలు తీసుకున్నాడు. ఇప్పుడు అడిగినవన్నీ ఇవ్వగలిగాడు. బల్ల మీద 2 ఘనాలు, 6 పలకలు, 3 కడ్డీలు మిగిలాయి, జవాబు 2.63.

మనం బడిలో ‘అప్పు తెచ్చుకోవడం’ అని నేర్చుకున్నది ఇదే. ఆ మాట నాకు మొదటి నుంచీ నచ్చదు. అప్పు అంటే తిరిగి తీర్చాలి, ఇక్కడ తీర్చేది ఏమీ లేదు. జరిగేది మార్పిడి: ఒక ఘనం ఇచ్చి 10 పలకలు, ఒక పలక ఇచ్చి 10 కడ్డీలు పుచ్చుకోవడం, అంతే. మొత్తం విలువ ఎక్కడా మారలేదు. 5 అంటే 4 ఒకట్లు, 9 పదో వంతులు, 10 నూరో వంతులు కూడానని కళ్లారా చూసిన తర్వాత, కాగితం మీద 5ను కొట్టేసి 4, 9, 10 వేయడం ఎందుకో అతనికి మళ్లీ చెప్పవలసిన అవసరం రాలేదు. పుస్తకం కూడా మార్పిడి అనే మాటనే వాడింది, అందుకు దానిని అభినందించాలి.

అయితే ‘చివర సున్నాలు చేర్చండి’ అన్న సూచన దగ్గర పుస్తకం తొందరపడింది. 5ను 5.00గా రాయమంటుంది, ఎందుకో చెప్పదు. పాఠ్యపుస్తకాల్లో సజాతి దశాంశాలుగా మార్చడం అని చెప్పే పని ఇది. సున్నాలు చేర్చడమంటే సంఖ్యను మార్చడం కాదు, దాన్ని మరింత చిన్న ముక్కల్లో లెక్కపెట్టడం. 5 అంటే 500 నూరో వంతులు, 2.37 అంటే 237 నూరో వంతులు. 500లో నుంచి 237 తీస్తే 263 నూరో వంతులు, అంటే 2.63. పిల్లలకు మూడు అంకెల తీసివేత అప్పటికే వచ్చు, కాబట్టి ఇక్కడ కొత్తగా నేర్చుకునేదల్లా ఆ ముక్కల పేరు ఒక్కటే. ఈ మాట ఒక్క పుటలో చెప్పి ఉంటే పుస్తకం స్థాయి పెరిగేది. ఇలాగే నోటితో చేసే పద్ధతులు కూడా పుస్తకంలో లేవు. 2.37 నుంచి 5 వరకు మెట్లెక్కినట్లు వెళ్లవచ్చు: 0.03 కలిపితే 2.40, ఇంకో 0.60 కలిపితే 3, ఇంకో 2 కలిపితే 5, మొత్తం 2.63. లేదా రెండు సంఖ్యల నుంచీ 0.01 తగ్గించి, 4.99లో నుంచి 2.36 తీసివేయవచ్చు. అప్పుడు మార్పిడి అవసరమే ఉండదు. మా మేనకోడలికి మెట్ల పద్ధతి, మేనల్లుడికి రెండోది నచ్చాయి.

పుస్తకంలో నాకు బాగా నచ్చిన అంశం, ప్రతి లెక్క పైన ‘ముందుగా అంచనా’ అన్న ఖాళీ గీత. 18.7, 4.09, 0.356 కలపాలంటే ముందు 19, 4, 0 అనుకుని దాదాపు 23 వస్తుందని రాసుకోవాలి. అసలు జవాబు 23.146. అంకెలన్నీ కుడి అంచుకు జరిపి కూడిన పిల్లవాడికి 952 వస్తుంది, చుక్క ఎక్కడ పెట్టాలో తెలియక 9.52 అనో 95.2 అనో రాస్తాడు. గీత మీద 23 ముందే రాసి ఉంటే అది తప్పని అతనికే తెలుస్తుంది. ఈ ఒక్క అలవాటు పిల్లలకు పట్టుబడినా పుస్తకం ధన్యమైనట్లే. మా ఇంట్లో మొదటి నెలలో ఆ గీతను ఖాళీగా వదిలేయడం, లేదా జవాబు వచ్చిన తర్వాత నింపడం జరిగేది, కాబట్టి అంచనా రాసే వరకు దిమ్మెలు ఇవ్వకూడదని నియమం పెట్టాను.

లెక్కల అమరిక మాత్రం నిరాశపరిచింది. మొదటి సగం పుటల్లో అన్ని లెక్కలూ నిలువుగా పేర్చి అచ్చువేశారు, పైసంఖ్యకూ కింది సంఖ్యకూ చుక్క తర్వాత అంకెలు సమానంగానే ఉంటాయి. 4.25, 3.14 వంటి జంటలు వస్తే చుక్క సంగతి పూర్తిగా మరచిపోయి 425, 314 కూడి మళ్లీ చుక్క పెట్టినా జవాబు సరిగ్గానే వస్తుంది. అంటే ఆ పుటలు దశాంశాలను పరీక్షించడమే లేదు. అడ్డంగా ఇచ్చి, పిల్లలే అమర్చుకోవలసిన లెక్కలు, అంకెలు హెచ్చుతగ్గులుగా ఉన్న లెక్కలు చివరి పుటల్లో కొన్ని మాత్రమే ఉన్నాయి. నేను వాటితోనే మొదలుపెట్టి, తొలి పుటలను తర్వాత వేగం కోసం వాడుకున్నాను. కొనేవారికి కూడా అదే క్రమం సూచిస్తాను.

రెండు చోట్ల పుస్తకం గందరగోళం సృష్టించింది. ఒక పుటలో కాలాన్ని చుక్కతో రాసి, 1.45 గంటలకు 0.30 గంట కలపమంది. జవాబుల పట్టికలో 2.15 అని ఇచ్చింది. 1 గంట 45 నిమిషాలకు 30 నిమిషాలు కలిపితే 2 గంటల 15 నిమిషాలు అవుతాయన్నది నిజమే, కానీ ఆ చుక్క దశాంశ బిందువు కాదు. గంటకు నిమిషాలు 60, 100 కావు. దశాంశంగా చూస్తే 1.45, 0.30 కలిసి 1.75 అవుతాయి, 1.75 గంటలంటే 1 గంట 45 నిమిషాలు. క్రికెట్‌లో ఓవర్లను రాసే చుక్క కూడా ఇలాంటిదే. 4.3 ఓవర్లు 27 బంతులు, 2.5 ఓవర్లు 17 బంతులు, కలిపితే 44 బంతులు, అంటే 7.2 ఓవర్లు. దశాంశంగా కూడితే వచ్చే 6.8 ఓవర్లు అన్న లెక్క ఆటలోనే లేదు. ఇటువంటి చుక్కలు దశాంశాలు కావని హెచ్చరించవలసిన పుస్తకమే వాటిని దశాంశాల మధ్య కలిపివేయడం క్షమించదగినది కాదు.

రెండోది చివరి సున్నా. జవాబుల పట్టికలో ఒకచోట 6.4 అనీ, మరొకచోట 6.40 అనీ ఉంది, రెండూ ఒకటేనని ఎక్కడా చెప్పలేదు. సంఖ్యలుగా రెండూ సమానమే. 4 పలకలు ఇచ్చి 40 కడ్డీలు పుచ్చుకుని చూపితే పిల్లలకు సందేహం తీరుతుంది. కొలతల విషయానికి వస్తే మాత్రం ఒక భేదం ఉంది. 6.40 మీటర్లు అని రాసినవారు సెంటీమీటరు వరకు కొలిచామని చెబుతున్నారు, 6.4 మీటర్లు అన్నవారు ఆ మాట చెప్పడం లేదు. అందుకే 12.4 మీటర్లకు 3.27 మీటర్లు కలిపితే లెక్క ప్రకారం 15.67 వచ్చినా, కొలతగా 15.7 మీటర్లు అనడం సబబు. ఇది కొంత పెద్ద తరగతి విషయమే అయినా, కొలతల లెక్కలు ఇస్తున్న పుస్తకం ఒక వాక్యమైనా రాయవలసింది.

వెయ్యో వంతుల లెక్కలకు దిమ్మెలు చాలీచాలకుండా ఉన్నాయి. 1.25 నుంచి 0.375 తీసే లెక్కలో మూడు మార్పిడులు జరుగుతాయి. ఒక కడ్డీ చిన్న ఘనాలుగా, ఒక పలక కడ్డీలుగా, పెద్ద ఘనం పలకలుగా మారి, చివరకు 8 పలకలు, 7 కడ్డీలు, 5 చిన్న ఘనాలు మిగులుతాయి. ఒక్కరు చేస్తే సామగ్రి సరిపోతుంది. ఇద్దరూ ఒకేసారి వేర్వేరు లెక్కలు పెట్టుకుంటే చిన్న ఘనాలు, పలకలు కూడా తక్కువపడతాయి. తయారీ నాణ్యత గురించి ఫిర్యాదు లేదు. గీతలు చెరిగిపోలేదు, కడ్డీలు వంగలేదు, పలకలు ఘనంలో ఇప్పటికీ బిగువుగానే కూర్చుంటున్నాయి.

యాప్ సంగతి చెప్పి ముగిస్తాను. 0.3కు బదులు 0.30 అని నింపితే అది తప్పంటుంది. అంతకంటే విచిత్రంగా, 0.1కు 0.2 కలిపే లెక్కలో మా మేనకోడలు 0.3 అని సరిగ్గా రాస్తే ఎర్ర గుర్తు వేసి, సరైన జవాబు 0.30000000000000004 అని చూపింది. ఆ అమ్మాయి మళ్లీ దిమ్మెలు తీసి 1 పలక, 2 పలకలు కలిపి, 3 పలకలే వస్తున్నాయని నా ముఖంలోకి చూసింది. తప్పు ఆమెది కాదు. కంప్యూటర్లు సాధారణంగా భిన్నాలను సగాలు, పావులు, అరపావులు అన్న వరుసలో రెండు రెండుగా విడగొట్టి దాచుకుంటాయి. పదులతో రాసే మన పద్ధతిలో మూడో వంతు 0.333 అంటూ ఎలా తెగకుండా సాగుతుందో, రెండుల పద్ధతిలో పదో వంతు కూడా అలాగే తెగకుండా సాగుతుంది, దాన్ని ఎక్కడో ఒకచోట కత్తిరించక తప్పదు. ఆ కత్తిరింపే చివర 4గా తేలింది. లెక్కించే పద్ధతి తెలిసినవారికి ఇది చాలా పాత సంగతి. జవాబును పోల్చే ముందు సవరించుకోవడం, లేదా అన్నిటినీ వెయ్యో వంతుల పూర్ణ సంఖ్యలుగా మార్చి లెక్కించడం యాప్ తయారుచేసినవారు చేయవలసిన కనీస పని. దశాంశాల కూడిక నేర్పడానికి పుట్టిన యాప్ దశాంశాల కూడికలోనే తప్పడం నన్ను బాధించింది. ఆ రోజే దాన్ని తీసివేశాను.

ఒకట్లు, పదులు, వందల మార్పిడి బాగా వచ్చిన పిల్లలకు మాత్రమే ఈ పెట్టె ఇవ్వండి, అది రానివారికి ముందు పూర్ణ సంఖ్యల దిమ్మెలతో పని ఉంది. పెద్దవారు ఒకరు పక్కన కూర్చోగలగాలి. పుస్తకాన్ని పిల్లల చేతిలో పెట్టి వదిలేస్తే దిమ్మెలు కోటలు కట్టుకోవడానికే పనికివస్తాయి. గుణకారం, భాగహారం ఇందులో లేవు, చిన్న సంఖ్య నుంచి పెద్ద సంఖ్యను తీసివేసే లెక్కలు కూడా లేవు. మొన్న 10 నుంచి 0.004 తీసివేయమని ఇద్దరినీ అడిగాను. మేనల్లుడు ఒక ఘనం అందుకున్నాడు కానీ, దాన్ని మార్చకుండానే కాగితం మీద 9, 9, 9, 10 అని వేసుకుని 9.996 రాశాడు. మేనకోడలు కళ్లు మూసుకుని అదే జవాబు చెప్పింది.

చుక్క గడి గురించి, యాప్ గురించి తయారీదారులకు వివరంగా రాశాను. చిన్న ఘనాలు, పలకలు విడిగా కూడా పంపుతామని మర్యాదగా జవాబిచ్చారు, పట్టికను మారుస్తామన్న మాట మాత్రం అందులో లేదు. వారు మార్చే వరకు, పెట్టె తెరిచిన రోజునే పిల్లలకు చూపించక ముందే పట్టికను మడిచి అంటించండి.